ఏజెంటును నమ్మే ముందు

ఫ్లాటు చూడ్డానికి వెళ్తే ఏజెంటు తొందరపెడతాడు: "ఇంకో పార్టీ రెడీగా ఉంది సార్, ఇవాళే టోకెన్ ఇచ్చేయండి!" కాగితాలు అడిగితే మాత్రం రేపు, మాపు అంటాడు. డబ్బు ముట్టాక ఫోనే ఎత్తడు.

2016 నాటి రెరా చట్టం, అంటే స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, ఇక్కడ అక్కరకొస్తుంది. రెరా అథారిటీలో నమోదైన ప్రాజెక్టుల్లో ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు తానూ అక్కడ నమోదై ఉండాలి. లేకుంటే రోజుకు 10,000 రూపాయల జరిమానా. లేని సౌకర్యాలు ఉన్నాయని చెప్పకూడదు. అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ కాకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మోసపోతే రెరా అథారిటీకి ఫిర్యాదు చేయవచ్చు.

ఒకరి నుంచి ఒకరు కొనే పాత ఇళ్లకు ఈ అండ ఉండదు. కాబట్టి ఆస్తిపై తాకట్లు, లావాదేవీలు చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మీరే తీయించుకోండి. కమిషన్ ఎంతో, ఎప్పుడివ్వాలో ముందే కాగితం మీద రాయించుకోండి.