గంజాయి: తూకమును, తీర్పును
(స్మారకోపన్యాసము)

ఎవరి స్మృతికై నేడిట సమావేశమైతిమో ఆ న్యాయవాది, ఏలూరు కోర్టు వరండాలో ఏ పల్లెటూరివాడు సమను కాగితము చేతబట్టి నిలిచినను, అందలి సెక్షనును తేటతెలుగున విప్పిచెప్పక ముందడుగు వేసెడివారు కారు. ఆ వ్రతమును తలచుకొనియే గంజాయి చట్టమును మీ ముందు విప్పుచున్నాను.

విశాఖ మన్యపు కొండవాలులలో పండిన గంజాయి నగరములకు తరలిపోవు దారి మన ముంగిటిదియే. చిన వెంకన్న కొలువైన ఈ కొండకు వచ్చువారు దిగెడి భీమడోలు రహదారియు, తాడేపల్లిగూడెము మీదుగా పోవు రైలుబాటయు అందులోనివే. గోధుమరంగు టేపు బిగించి చుట్టిన పొట్లములను సంచి అడుగున సర్ది, పైన పాత దుప్పటి కప్పి, దారిఖర్చు జేబులో పెట్టి కూలికుఱ్ఱని రైలెక్కించువాడు తాను మాత్రము ఎక్కడు.

ఒకప్పుడు దొరతనమువారు లైసెన్సు దుకాణములలో అమ్మించి పన్ను గొనిన సరుకే ఇది. మాదకద్రవ్యములపై వెలసిన 1961 నాటి అంతర్జాతీయ ఒడంబడికకు దేశము కట్టుబడిన పిదప, 1985 నవంబరు 14 నుండి మాదకద్రవ్యముల, మనఃప్రభావక పదార్థముల (ఎన్‌డీపీఎస్) చట్టము అమలునకు వచ్చినది. ఈ చట్టము దృష్టిలో గంజాయియనగా ఆ మొక్క పూతకొసలు, కాయకొసలు. కొసలతో కూడని ఆకును గింజయు గంజాయి కావు. 20వ సెక్షను శిక్షను తూకమునకు ముడివేసినది. కిలోకు లోబడినచో ఏడాది వఱకు కఠిన కారాగారము, లేదా 10,000 రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును. ఆపై 20 కిలోల వఱకు పదేండ్ల దాక ఖైదు, లక్ష వఱకు జరిమానా. 20 కిలోలు మించెనా, పదేండ్లకు తగ్గని, ఇరువదేండ్ల వఱకు సాగగల ఖైదు, లక్షకు తగ్గని జరిమానా. అట్టి కేసులో, ముద్దాయి నిర్దోషియని నమ్ముటకు తగిన ఆధారము కలదని న్యాయస్థానమునకు తోచిననే గాని బెయిలు దొరకదు. త్రాసునకు సంచి బరువు తెలియును గాని దానిని మోసినవాని పేదఱికము తెలియదు.

అయినను ఈ చట్టమునకు దయ లేకపోలేదు. వ్యసనపరుడు తనంత తానై ప్రభుత్వ ఆసుపత్రిలోగాని, గుర్తింపు పొందిన ఆసుపత్రిలోగాని చికిత్సకు చేరి దానిని పూర్తి చేసికొన్నచో, సేవించిన నేరమునకును, కిలోకు లోబడిన స్వల్పపరిమాణపు నేరమునకును అతనిని విచారింపరాదని 64ఏ సెక్షను చెప్పుచున్నది. కొడుకు కన్నులెఱ్ఱబారుట చూచియు, ఊరివారేమందురో, చెల్లెలికి సంబంధములు తప్పిపోవునేమోయని తలుపు మూసికొను తల్లి ఈ మాట ఎఱుగదు. ఎఱుగనందుననే పోలీసు తలుపు తట్టువఱకు వైద్యుని తలుపు తట్టుట లేదు.

అమ్మువానిపై కనికరము వలదనియే నేనును అందును. కాని శిక్ష చెప్పిన నోటితోనే చికిత్సయు చెప్పవలెను. వైశాఖమునను ఆశ్వయుజమునను స్వామి కల్యాణములకు కొల్లేటి లంకలనుండి, మెట్టయూళ్లనుండి జనము ఈ కొండకు తరలివత్తురు. ఆ దినములలో 20వ సెక్షనును, 64ఏ సెక్షనును పక్కపక్కనే తెలుగున వ్రాసిన కరపత్రము ప్రతి తల్లిచేతను పెట్టుదుము. ఆమెకు చదువు రాకున్నచో, ఆ వరండాలోని పెద్దమనిషి వలె నిలిచి చదివి వినిపింతము.