షుగరు లెక్కలో లేని రాత్రులు

(వృద్ధ స్త్రీల హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటినుంచీ పింఛన్ల గురించీ, ఆస్తి గురించీ, కొడుకుల ఇళ్ళలో తల్లుల పరిస్థితి గురించీ మాట్లాడుకుంటున్నాం. నన్ను ఆరోగ్యం గురించి చెప్పమన్నారు. నేను ఒక్క విషయమే తీసుకుంటాను. షుగరు. అదీ పెరగడం గురించి కాదు, పడిపోవడం గురించి. పెరగడం గురించి మనకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. పదహారేళ్ళుగా మాత్రలు మింగుతున్నాను. కిందటేడాది ఒక తెల్లవారుజామున బాత్‌రూములో పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. బండ జారిందన్నారు ఇంట్లో. నేనూ అదే అనుకున్నాను. అంతకు ముందు వారమే మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయించుకుంటే 6.4 వచ్చింది. మా డాక్టరుగారు మెచ్చుకుని పంపించారు.

కట్టు కట్టిన చోట ఒక చిన్న డాక్టరమ్మ మాత్రం వేరే ప్రశ్న అడిగింది. "పడబోయే ముందు చెమట పట్టిందా అమ్మా?" పట్టింది. జాకెట్టు తడిసిపోయింది. కానీ ఎవరూ అడగలేదు గనక నేనూ చెప్పలేదు. ఆమే నా చేతికి సెన్సరు పెట్టించింది.

చూడనివాళ్ళ కోసం చెబుతున్నాను. అది పెద్ద రూపాయి బిళ్ళంత ఉంటుంది. జబ్బ వెనక అతికిస్తారు. వెంట్రుకంత సన్నని తీగ ఒకటి చర్మం కిందికి దిగుతుంది. అక్కడ కణాల మధ్య ఉండే ద్రవంలో గ్లూకోజు ఎంతుందో రాత్రీ పగలూ కొలిచి ఫోనుకు పంపుతుంది. రెండు వారాలు పనిచేస్తుంది. అది చూసేది రక్తాన్ని కాదు గనక రక్తంలో మార్పు అందులో కనిపించడానికి ఐదు పది నిమిషాలు పడుతుంది. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే లేని తగ్గుదల కూడా చూపిస్తుంది. అందుకని అనుమానం వచ్చినప్పుడు వేలు పొడుచుకుని చూడాల్సిందే.

మూడో రాత్రి రెండు దాటాక నా గీత 70 కిందికి దిగింది. 52 దాకా పోయింది. గంటన్నర అక్కడే ఉంది. నేను నిద్రలో ఉన్నాను. పొద్దున్నే అది చూసుకుని నమ్మలేకపోయాను. అలారం పెట్టుకున్నాను. రెండు రోజుల తర్వాత అది మోగితే లేచి వేలు పొడుచుకున్నాను. 57. రెండు వారాల్లో ఐదు రాత్రులు ఇదే వరస. అదే రోజుల్లో మధ్యాహ్నం అన్నం తిన్నాక 230 ఉండేది. మధ్యాహ్నపు 230నీ, తెల్లవారుజాము 52నీ కలిపేస్తే వచ్చిందన్నమాట, అందరూ మెచ్చుకున్న ఆ సగటు. పైగా రక్తహీనత ఉన్నవాళ్ళలో ఆ పరీక్షే తప్పు చెప్పవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. అరవై దాటినంత మాత్రాన అది మనల్ని వదిలేసి పోదు కదా.

ఎందుకు పడిపోయింది? నేను వాడేది గ్లిమిపిరైడ్. ఆ జాతి మాత్రలు మనం తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తాయి. వయసు మీరి మూత్రపిండాల పని మందగించినప్పుడు వాటి ప్రభావం ఎక్కువసేపు ఉండిపోతుంది. నేనేమో షుగరు బాగా తగ్గించుకుంటున్నానన్న గర్వంతో రాత్రిపూట ఒక పుల్కా, గ్లాసుడు మజ్జిగతో సరిపెట్టేదాన్ని. ఇదే జాతిలో గ్లైబెన్‌క్లమైడ్ అనే పాత మాత్ర ఉంది. అరవై దాటినవాళ్ళకు అది తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలోనే రాసి ఉంది. ఇంటికి వెళ్ళాక మీ అమ్మల, అత్తల మాత్రల అట్ట ఒకసారి తిప్పి చూడండి. ఆ పేరుంటే వెంటనే డాక్టరుతో మాట్లాడండి. మీ అంతట మీరు ఆపేయకండి.

ముసలితనంలో ఇంకో చిక్కుంది. వయసులో ఉన్నవాళ్ళకు షుగరు పడిపోతే గుండె దడ, వణుకు, ఆకలి వచ్చి హెచ్చరిస్తాయి. పెద్దవాళ్ళలో ఆ హెచ్చరికలు తగ్గిపోతాయి. తూలడం, మాట తడబడటం, మనిషిని గుర్తుపట్టకపోవడం, ఉన్నట్టుండి కోపం, ఇలా బయటపడుతుంది. ఇంట్లోవాళ్ళు దానికి పెట్టే పేరు చాదస్తం. మా బస్తీలో ఒకావిడ సాయంత్రాలు కోడలి మీద అరిచేది. అందరం సర్దిచెప్పేవాళ్ళం, నేనూ చెప్పాను. ఆవిడ ఇన్సులిన్ తీసుకునేది. అది షుగరు పడిపోవడమేనని ఇప్పుడు నేను ఖాయంగా చెప్పలేను, ఎందుకంటే ఆ వేళప్పుడు ఎవరూ పరీక్ష చేయలేదు. నన్ను బాధించేది అదే.

మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఎప్పుడు తింటారో మీకు చెప్పక్కర్లేదు. పొద్దున మాత్ర వేసుకుని, అందరికీ పెట్టి, మిగిలింది తాను తినేసరికి పదకొండవుతుంది. డెబ్భై ఏళ్ళొచ్చినా ఇది మారదు. "ఏమైనా తిన్నావా?" అని అడగకుండా "మాత్ర వేసుకున్నావా?" అని అడిగే ఇళ్ళే ఎక్కువ. కార్తీక సోమవారం చుక్క కనపడేదాకా ఉపవాసం, ఏకాదశి, మన ముస్లిం అక్కచెల్లెళ్ళకు రంజాన్ రోజా. ఉపవాసాలు మానమని చెప్పడానికి నేను రాలేదు. ఆ రోజున మాత్ర ఎంత వేసుకోవాలో, అసలు ఉండొచ్చో లేదో ముందే డాక్టరుని అడిగే హక్కు ఆమెకుంది. అడిగితే కసురుకోకుండా చెప్పాల్సిన బాధ్యత డాక్టరుది.

పెద్దవాళ్ళకు లెక్క వేరే ఉందని 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. మామూలుగా అయితే రోజులో 70 శాతం సమయం షుగరు 70, 180 మధ్య ఉండాలి. వృద్ధులకు, బలహీనంగా ఉన్నవాళ్ళకు 50 శాతం చాలు. కానీ 70 కింద ఉండే సమయం ఒక శాతం మించకూడదు. అంటే రోజుకు పావుగంట. నాది ఆ రెండు వారాల్లో సగటున రోజుకు అరగంట పైనే. కొంచెం పెరిగినా సరే గానీ పడిపోనివ్వకండి, అని ఆ లెక్క అర్థం. మనల్ని మెచ్చుకునేదేమో ఎంత తగ్గిస్తే అంత.

ఈ పరికరం వల్ల మేలు జరుగుతుందా అంటే, 2020లో అమెరికాలో 203 మంది మీద జరిపిన పరిశీలన ఫలితాలు అచ్చయ్యాయి. అందరూ అరవై దాటినవాళ్ళు, టైప్ 1 షుగరుతో ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు. సెన్సరు పెట్టుకున్నవాళ్ళలో 70 కింద ఉండే సమయం రోజుకు 73 నిమిషాల నుంచి 39 నిమిషాలకు తగ్గింది. పెట్టుకోనివాళ్ళలో దాదాపు మారలేదు. 2023 నుంచి అక్కడి మెడికేర్ ఇన్సులిన్ వాడే వృద్ధులందరికీ, ప్రమాదకరంగా షుగరు పడిపోయేవాళ్ళకూ దీన్ని వర్తింపజేసింది.

మన దగ్గర ఒక్క సెన్సరు నాలుగైదు వేలు. నెలకు రెండు కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నాలుగు వేలు. ఇక చెప్పేదేముంది. ప్రతి ముసలమ్మకీ జీవితాంతం సెన్సరు ఇవ్వాలని నేను అడగడం లేదు. షుగరు లేనివాళ్ళకు కూడా దీన్ని ఆరోగ్యం పేరుతో అమ్ముతున్నారు, ఆ బేరం మనకొద్దు. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడే పెద్దవాళ్ళకు సర్కారు ఆసుపత్రిలో ఒక్కసారి రెండు వారాల పాటు పెట్టి, ఆ గీత చూసి మందు సరిచేయాలి. అది జరిగేదాకా గ్లూకోమీటరు, స్ట్రిప్పులు ఉచితంగా ఇవ్వాలి. నెలకోసారి పరగడుపున సూది పొడిచి పంపిస్తే రాత్రి సంగతి ఎవరికి తెలుస్తుంది? ఇంకో మాట. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టంలో పోషణ అంటే తిండీ బట్టా ఒక్కటే కాదు, వైద్యం కూడా. స్ట్రిప్పుల ఖర్చు దాని కింద అడగవచ్చు.

ఇక ఆ గీత ఎవరిది అన్న ప్రశ్న. నా స్నేహితురాలి కొడుకు డాలస్‌లో ఉంటాడు. ప్రేమతోనే అమ్మకు సెన్సరు పెట్టించి, లెక్కలు తన ఫోనులో కనపడేలా చేసుకున్నాడు. ఈవిడ మనవరాలి పుట్టినరోజున రెండు ముద్దల పరమాన్నం తింటే అరగంటలో అక్కడినుంచి ఫోను. "ఏం తిన్నావమ్మా?" వారం రోజులకు ఆవిడ భోజనానికి ముందు ఫోను పక్కింట్లో పెట్టి రావడం మొదలుపెట్టింది. నవ్వకండి. నలభై ఏళ్ళు మొగుడి ముందు లెక్క చెప్పిన మనిషి. చివరికి కొడుకుతో మాట్లాడుకుని, రాత్రి అలారం మాత్రం కోడలి ఫోనుకు వచ్చేట్టు, పగటి లెక్క తన దగ్గరే ఉండేట్టు పెట్టుకుంది.

నా సంగతి చెప్పి ముగిస్తాను. మాత్ర సగానికి తగ్గించారు. రాత్రి భోజనం సరిగ్గా తింటున్నాను. మంచిదని రోజూ తాగే రాగిజావ నా ఒంట్లో అన్నం లాగే షుగరు పెంచుతోందని ఆ గీతలోనే తెలిసింది, దాని బదులు జొన్నరొట్టె తింటున్నాను. మంచం పక్కన పంచదార డబ్బా పెట్టుకున్నాను. 70 కిందికి పోతే మూడు చెంచాలు నీళ్ళలో కలుపుకుని తాగాలి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఆ రెండు వారాల గీతల కాగితాలు నా సంచిలో ఉన్నాయి. టీ విరామంలో కిటికీ దగ్గర కూర్చుంటాను. మీ అమ్మల మందుచీటీలు తెచ్చుకున్నవాళ్ళు కూడా అక్కడికే రండి.