రూపాయి పడితే ఎవరి నెత్తిన పడుద్ది?

(కూలీ సంఘాల కార్యకర్తల తరగతిలో ఇచ్చిన ప్రసంగ పాఠం)



"డాలరు రేటు గురించి కూలీనాలీ జనానికి పాఠమేంది మాస్టారూ?" అని తరగతికి ముందే కొందరు మిత్రులు అడిగారు. మన గొడవలు మనకి చాలా ఉన్నాయి. కూలి రేటు, ఇళ్ళస్థలం, శ్మశానానికి దారి. డాలరు మొహం చూసినవాళ్ళు మన వాడల్లో ఎంతమంది? అడిగింది సబబే. అయితే మన ఇళ్ళల్లో కాగే పామాయిలు ఎక్కువ భాగం ఇండోనేషియా, మలేషియాల నుంచి వొచ్చేదే. గ్యాసు బండలో సగానికి పైగా బయటి సరుకు. చేలో చల్లే పొటాషు దాదాపు మొత్తం దిగుమతి. డాలరుని మనం చూడకపోయినా అది మన పొయ్యి దాకా వొచ్చి కూర్చుంది.

ముందు లెక్క చూద్దాం. ఒక దేశం బయటికి అమ్మేదానికన్నా బయటనుంచి కొనేది ఎక్కువైతే ఆ తేడాని వర్తకపు లోటు అంటారు. మనం కొట్లో ఖాతా పెట్టుకున్నట్టే. కాకపోతే కొట్టాయన రూపాయలు పుచ్చుకుంటాడు, చమురు అమ్మే దేశం డాలర్లు తెమ్మంటుంది. ఆ డాలర్లు గల్ఫుకి పోయిన పిల్లలు పంపే డబ్బు నుంచో, అప్పుల నుంచో, బయటి కంపెనీల పెట్టుబడి నుంచో రావాలి. వొస్తున్నన్నాళ్ళు లోటు ఎవరికీ కనపడదు. ఏదో ఒకరోజు అప్పిచ్చినవాళ్ళకి భయం పుడుద్ది, అందరూ ఒక్కసారే డబ్బు వెనక్కి లాక్కుంటారు. 1997 జూలైలో థాయిలాండులో అదే జరిగింది. డాలరుకి 25 భాట్లు ఉండేది ఆరు నెలల్లో 50 దాటింది. ఆ మంట ఇండోనేషియా, కొరియాలకి పాకింది.

దగ్గరలో ఉన్న శ్రీలంక సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అక్కడి తేయాకు తోటల్లో పనిచేసేవాళ్ళు ఎవరు? తెల్లవాళ్ళ కాలంలో తమిళ జిల్లాల నుంచి ఓడలెక్కించి తీసుకుపోయిన కూలీల మనవలు, మునిమనవలు. వాళ్ళలో పెద్ద భాగం దళిత కులాలవాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడుకునే అరుంధతీయుల సంతానం కూడా ఉన్నారు. 1948లో చట్టం చేసి వీళ్ళకి పౌరసత్వం లేకుండా చేశారు. ఎన్నో ఏళ్ళ పోరాటం తరవాత 2021 మార్చిలో రోజుకూలి వెయ్యి రూపాయలకి పెరిగింది. అప్పుడు డాలరు వాళ్ళ రూపాయల్లో 200 దరిదాపు. అంటే రోజుకి 5 డాలర్ల కూలి.

ఏడాది తిరిగేసరికి ఆ దేశం దగ్గర డాలర్లు అయిపోయాయి. కరోనాతో యాత్రికుల రాకడ ఆగింది. 2019 చివర్లో పన్నులు తగ్గించి ఖజానా ఖాళీ చేసుకున్నారు. రసాయన ఎరువుల దిగుమతిని 2021లో ఉన్నట్టుండి ఆపేసి పంట దెబ్బతీశారు. 2022 ఏప్రిల్లో విదేశీ అప్పులు ఇప్పట్లో కట్టలేమని చేతులెత్తేశారు. డాలరు 360 దాకా పోయింది. తోటకూలీ చేతిలో పెట్టే కాగితం అదే వెయ్యి రూపాయలు. డాలర్లలో అది మూడుకి లోపే. ఆ సెప్టెంబరుకి తిండి సరుకుల ధరలు అంతకు ముందేడాది కన్నా 90 శాతం పైన పెరిగాయి.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించండి. ఆ కూలీ కోసిన తేయాకుని ఎగుమతిదారు డాలర్లకి అమ్ముతాడు. రూపాయి పడ్డకొద్దీ అతని చేతికి వొచ్చే రూపాయలు పెరుగుతాయి. కొలంబో వేలంలో కిలో తేయాకు రేటు రూపాయల్లో దాదాపు రెట్టింపయ్యింది. అమ్మేవాడికి డాలరు లెక్క, కోసేవాళ్ళకి రూపాయి లెక్క. దేశమంతా మునిగిందని పత్రికలు రాశాయి గానీ, మునకలో కూడా పైన ఉన్నవాడు, కింద ఉన్నవాడు ఉంటారు.

ఈ కిటుకుని వందేళ్ళ కిందటే విప్పి చెప్పింది డాక్టర్ అంబేద్కర్. ఏప్రిల్ 14న మైకు పట్టుకున్న ప్రతి వక్తా 'రిజర్వు బ్యాంకుకి మూలం బాబాసాహెబే' అంటాడు. ఆ పుస్తకంలో ఏముందో చెప్పేవాళ్ళు తక్కువ. లండన్లో చదువుతూ రాసిన సిద్ధాంత గ్రంథం అది. 'ది ప్రాబ్లెమ్ ఆఫ్ ది రుపీ' పేరుతో 1923లో అచ్చయింది. అప్పట్లో రూపాయి ఎన్ని పెన్నీలు ఉండాలన్నది పెద్ద తగాదా. రూపాయి చౌకగా ఉండాలి, 16 పెన్నీలకే కట్టాలి అని బొంబాయి మిల్లు యజమానులు, వర్తకులు పట్టుబట్టారు. అది దేశ ప్రయోజనమన్నారు. అంబేద్కర్ అడిగింది ఒక్కటే: ఎవరి ప్రయోజనం? రూపాయి విలువ తగ్గితే ధరలు పెరుగుతాయి, కూలి అంత తొందరగా పెరగదు. ఎగుమతిదారుకి వొచ్చే లాభం బయటి దేశం ఇచ్చేది కాదు, ఇక్కడి కూలివాడి గిన్నెలోంచి తీసిందే అని ఆయన వాదన. 1925లో హిల్టన్ యంగ్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పినప్పుడూ ధరల నిలకడ ముఖ్యమన్నాడు. ఆ కమిషన్ సిఫారసు చేసిన కేంద్ర బ్యాంకే తరవాత 1935లో మొదలైన రిజర్వు బ్యాంకు. దండ వెయ్యటంతో పాటు ఈ మాట కూడా వాడకి చేరాలి.

మన దేశంలో 1991 చాలామందికి గుర్తుండే ఉంటది. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్ మీదకి పోయింది. చమురు ధర ఎగిసింది, గల్ఫు నుంచి మనవాళ్ళు లక్షమందికి పైగా కట్టుబట్టలతో తిరిగొచ్చారు, డబ్బు రావటం ఆగింది. రెండు మూడు వారాల దిగుమతులకి సరిపడా కూడా డాలర్లు లేవు. 1991 మేలో 20 టన్నులు, జూలైలో మరో 47 టన్నుల బంగారం దేశం దాటించి డాలర్లు తెచ్చారు. పరువు పోయిందని గోల. మన ఇళ్ళల్లో పుస్తె తాకట్టు పెట్టటం ఏటా జరిగేదే, దానికి ఎవరూ పత్రికలో రాయలేదు! జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. 21 ఉన్న డాలరు 26 దరిదాపుకి పోయింది. ఆ నెల బడ్జెట్లోనే ఎరువుల ధర 40 శాతం పెంచుతామన్నారు, అల్లరి జరిగాక 30కి దిగారు. ఎరువు ధర పెరిగితే కమతందారు మొదట కోసేది కూలినే. సబ్సిడీల కోత అనే మాట అప్పటినుంచి ప్రతి ప్రభుత్వానికీ ఊతపదమయింది. మన రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం 1992లో మూడున్నర అయ్యింది. జనం 1994 ఎన్నికల్లో జవాబు చెప్పాక మళ్ళీ రెండయ్యింది.

మరి లోటు ఉన్న ప్రతి దేశానికీ ఇదే గతా? కాదు. అమెరికా 1976 నుంచి ప్రతి ఏడూ అమ్మేదానికన్నా కొనేదే ఎక్కువ. దానికి బంగారం తాకట్టు పెట్టే అగత్యం రాలేదు. ఎందుకంటే అప్పు తీర్చే కాగితం అదే అచ్చువేసుకుంటది. ప్రపంచ దేశాలు దాచుకునే విదేశీ సొమ్ములో సగానికి పైగా డాలర్లే. 1940లలో కీన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త ఒక ప్రతిపాదన పెట్టాడు. అప్పుపడ్డ దేశమే కాదు, మిగులు కూడబెట్టే దేశం కూడా సర్దుకోవాలి, అట్లా దాచుకుంటే జరిమానా కట్టాలి అని. అప్పుడు మిగులు దేశం అమెరికా. ఒప్పుకోలేదు. 1944లో బ్రెటన్ వుడ్స్ సభలో డాలరునే నడిమధ్య నిలబెట్టారు. డాలరు తెస్తే బంగారం ఇస్తామన్న మాటని 1971లో నిక్సన్ ఎత్తేశాడు. ఇవ్వాళ పెద్ద మిగులు చైనాది, 2024లో సరుకుల మీద దాదాపు లక్ష కోట్ల డాలర్లు. కీన్స్ లాంటి మాట ఇప్పుడు అమెరికావాళ్ళే మాట్లాడుతున్నారు, అదీ సుంకాల భాషలో.

ఆ సుంకాల దెబ్బ మన భీమవరం దాకా తగిలింది. 2025 ఏప్రిల్లో అమెరికా ఒక పట్టీ ప్రకటించింది. ఏ దేశంతో తనకి ఎంత లోటుందో చూసి, దాన్ని ఆ దేశం దగ్గర కొనే సరుకు విలువతో భాగించి, అందులో సగం సుంకం అన్నారు. ఆ ఆగస్టుకి మన సరుకు మీద 50 శాతమయ్యింది. అందులో సగం రష్యా చమురు కొన్నందుకు శిక్షట. మన రొయ్యకి పెద్ద గిరాకీ అమెరికాదే కాబట్టి కొనేవాళ్ళు చెరువు దగ్గర ధర తగ్గించారు. షెడ్లలో తల తీసి పొట్టు వొలిచేది ఆడవాళ్ళు, మన వాడల నుంచి పోయేవాళ్ళు ఎందరో. సరుకు తగ్గితే వాళ్ళకి పిలుపు తగ్గుద్ది. 2024 డిసెంబరులో డాలరు 85 దాటినప్పుడు ఎగుమతిదారు మిగుల్చుకున్నదాంట్లో వాళ్ళకి వాటా ఇచ్చారా? లాభంలో లేని వాటా నష్టంలో ఎట్లా వొచ్చింది? యజమానితో మాట్లాడేటప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా వెయ్యండి.

గల్ఫులో ఉన్నవాళ్ళకి రూపాయి పడితే మంచిదే గదా అని జగిత్యాల మిత్రుడొకాయన అన్నాడు. రియాలు, దిర్హము డాలరుకి కట్టి ఉన్నాయి కాబట్టి పంపే డబ్బు రూపాయల్లో ఎక్కువ కనపడే మాట నిజం. ఆ డబ్బుతో ఇక్కడ కొనే నూనె, గ్యాసు కూడా డాలరుకే కట్టి ఉన్నాయి.

ఇక పని సంగతి. కనీస వేతనాల జీవోల్లో మూలవేతనంతో పాటు కరువు భత్యం అని ఒకటి ఉంటది. ధరల సూచీ పెరిగితే ఆరునెలలకొకసారి, ఏప్రిల్లో, అక్టోబరులో అది పెరగాలి. రేటు ఇంత కావాలని మాత్రమే అడిగి ఊరుకుంటే రెండేళ్ళకి ఆ రేటుని ధరలు తినేస్తాయి. ధరతో పాటు పెరిగే కూలి అడగాలి. అందుకు మన చేతిలో లెక్క ఉండాలి. వొచ్చే తరగతికి ప్రతి ఊరి నుంచీ ఒక కాగితం రాసుకు రండి. బియ్యం, కందిపప్పు, నూనె, గ్యాసు బండ, బీపీ మాత్రలు, బస్సు చార్జీ పోయినేడు ఎంత, ఈ ఏడు ఎంత అన్నది ఒకవైపు, అదే ఊళ్ళో ఆడకూలి, మగకూలి అప్పుడెంత, ఇప్పుడెంత అన్నది ఇంకోవైపు. చదువుకునే పిల్లలతో రాయించండి.