జహీరాబాదు ఏడుమార్లు ఎన్నుకొన్న ప్రతినిధి



అమెరికా దేశమున చార్ల్‌స్టన్ అను నగరము కలదు. ఆ నగరమునకు జోసెఫ్ రైలీ అను నాతడు 1975 డిసెంబరు మొదలు 2016 జనవరి వరకు, అనగా నలువదియేండ్లు, మేయరుగా నుండెను. పదిమార్లు పౌరులు ఆయననే ఎన్నుకొనిరి. అట్టివాని జీవితము చదివినచో ఆ ఊరి చరిత్ర చదివినట్లే యగును. వీధులు ఎప్పుడు బాగుపడినవో, ఉద్యానము ఎవరి పట్టుదలవలన ఏర్పడినదో, ఏ నిర్ణయము మంచిదో ఏది చెడ్డదో, అన్నింటికిని ఒకే మనిషిని బాధ్యునిగా నిలిపి అడుగవచ్చును. పౌరులకు ఇది చిన్న సౌకర్యము కాదు.

మన తెలుగు పట్టణములలో అట్టి మేయరు కొరకు వెదకినచో కానరాడు. ఇందుకు కారణము సమర్థుల కొరత కాదు. హైదరాబాదు నగరమునే చూడుడు. గ్రంథాలయోద్యమమునకు పెద్దదిక్కైన మాడపాటి హనుమంతరావు పంతులుగారు 1951 లో ఆ నగరమునకు తొలి మేయరైరి. మూడేండ్లలో ఆ పదవి ముగిసినది. తరువాత 1970 మొదలు 1986 వరకును, మరల 1991 మొదలు 2002 వరకును ఆ మహానగరమునకు ఎన్నికైన పాలకవర్గమే లేదు. రాజధాని గతి ఇట్లుండగా చిన్న పట్టణముల మాట చెప్పవలెనా? గడువు తీరిన పురపాలక సంఘములను ప్రత్యేకాధికారుల చేతులలో నుంచుట సర్కారులకు అలవాటైనది. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ఐదేండ్లకొకమారు ఎన్నికలు జరుగవలెనని శాసించినది. అయినను 2010 లో గడువు ముగిసిన పురపాలక సంఘములకు మరల ఎన్నికలు 2014 లోగాని జరుగలేదు. అధ్యక్షుని కొన్నిమార్లు ప్రజలే ఎన్నుకొనిరి. కొన్నిమార్లు వార్డు సభ్యులు ఎన్నుకొనిరి. పద్ధతియే నిలకడగా లేనిచోట మనిషి ఎట్లు నిలుచును?

కావున చిన్న పట్టణపు ప్రజలు తమ కష్టసుఖములు చెప్పుకొనుటకు వేరొక గడప వెదకుకొనిరి. నల్లా రాకపోయినను, మోరీ పొంగినను, బడికి పంతులు లేకున్నను శాసనసభ్యుని యింటికే పోవుట ఆచారమైనది. శాసనసభ్యుడు చట్టములు చేయుటకు ఎన్నికైనవాడు. వీధి దీపముల కొరకు కాదు. ఐనను మేయరు చేయవలసిన పని ఆయన నెత్తిన పడినది. ఆ బరువును మిక్కిలి దీర్ఘకాలము మోసినవారిలో జహీరాబాదు ప్రతినిధి మొగలిగుండ్ల బాగారెడ్డిగారు ఒకరు. వారి రాజకీయ జీవితమును తెలిసికొనవలెనన్న ముందు ఈ తాలూకా కథ తెలియవలెను.

1956 వరకు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలో నుండెను. ఆ యేటి నవంబరు 1 న రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరుగగా బీదరు జిల్లా మూడు ముక్కలైనది. అహమదుపూరు, నిలంగా, ఉద్గీరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. నిర్ణా సర్కిలు తప్ప తక్కిన జహీరాబాదు తాలూకాయు, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిలును, నారాయణఖేడు తాలూకాయు ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. మిగిలినది మైసూరులో చేరినది. జిల్లా కచేరీ బీదరునుండి సంగారెడ్డికి మారినది. చిరాగ్‌పల్లివంటి పల్లెలు ఒక్క దినములో సరిహద్దు గ్రామములైనవి. చుట్టరికములు గీతకు అటునిటు నిలిచినవి. అంగడికి పోవు బాట మరియొక రాష్ట్రపు బాట యైనది. తెలుగు, కన్నడము, ఉర్దూ, మరాఠీ కలగలిసి పలుకు ఈ ప్రాంతమునకు క్రొత్త రాజధానిలో తన మాట చెప్పగలవాడు కావలసివచ్చెను.

మరుసటి యేడే, 1957 లో, శాసనసభ ఎన్నికలు వచ్చినవి. ఆ ఎన్నికలలో ఒక విశేషము కలదు. ఆంధ్ర ప్రాంతపు సభ్యులు 1955 లోనే ఎన్నికైయుండుటచే, 1957 లో తెలంగాణ ప్రాంతమున మాత్రమే ఓట్లు పడినవి. ఆ విధముగా క్రొత్త రాష్ట్రపు సభకు జహీరాబాదు పంపిన ప్రతినిధి బాగారెడ్డిగారు. 1930 లో పుట్టిన వారు అప్పటికి ముప్పదియేండ్లు నిండని యువకులు. సభలో ప్రవేశమునకు రాజ్యాంగము విధించిన కనీస వయస్సు ఇరువదియైదేండ్లు. దానిని దాటి ఎన్నియో యేండ్లు కాలేదు.

అటుపిమ్మట 1962, 1967, 1972, 1978 ఎన్నికలు వరుసగా గడచినవి. నాలుగింటను వారే గెలిచిరి. ఈ నడుమ ప్రత్యేక తెలంగాణ ఉద్యమము 1969 లో చెలరేగినది. 1971 లోకసభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి పది స్థానములు గెలిచినది. మెదకు స్థానము వానిలో నొకటి. లోకసభ స్థానము చేజారిన మరుసటి యేడు, 1972 లో, జహీరాబాదు ఓటర్లు కాంగ్రెసు అభ్యర్థియగు బాగారెడ్డిగారినే మరల సభకు పంపిరి. పక్షమును వేరుగా, మనిషిని వేరుగా తూచు అలవాటు ఈ ప్రాంతపు ఓటరుకు అప్పుడే ఏర్పడినదని తలచుటకు ఇది చాలును. రాష్ట్రమంత్రి పదవియు వారిని వరించినది. అయితే మంత్రులు పెక్కుమంది వచ్చిరి, పోయిరి. వారి జీవితమున చెప్పుకోదగిన ఘట్టము మంత్రిత్వము కాదు.

ఆ ఘట్టము 1983. అంతకుముందు సంవత్సరము మార్చి 29 న పుట్టిన తెలుగుదేశము పదినెలలైన నిండకముందే ఎన్నికలకు దిగి రాష్ట్రమును ఊపివేసినది. 294 స్థానములుగల సభలో కాంగ్రెసునకు మిగిలినవి 60. ఘనులనిపించుకొన్నవారు ఎందరో ఓడిరి. జహీరాబాదు మాత్రము తన పాత ప్రతినిధినే నిలుపుకొన్నది. 1985 లో మరల ఎన్నికలు వచ్చినప్పుడు కాంగ్రెసు బలము 50 కి దిగెను. జహీరాబాదు అప్పుడును మారలేదు. గాలి తమ వైపు వీచునప్పుడు గెలుచుట గొప్ప కాదు. ఎదురుగాలిలో రెండుమార్లు గెలుచుటకు ఇల్లిల్లు ఎరిగిన మనిషి యైయుండవలెను. ఎన్.టి. రామారావుగారు ముఖ్యమంత్రిగా నున్న ఆ దినములలో సభలో ప్రతిపక్ష నాయకత్వము బాగారెడ్డిగారిపై పడినది. ఎదుట మహాజనాకర్షణగల నాయకుడు, వెనుక పలుచబడిన పక్షము. ఆ కుర్చీ సుఖమైనది కాదు.

1989 లో వారు లోకసభకు పోటీచేసిరి. మెదకు స్థానము సామాన్యమైనది కాదు. 1980 లో ఇందిరాగాంధీ అచ్చటినుండి గెలిచిరి. 1984 అక్టోబరు 31 న హత్యకు గురియైన నాటికి ఆమె మెదకు సభ్యురాలే. ఆ యేటి ఎన్నికలలో ఆ స్థానము తెలుగుదేశమునకు పోయినది. 1989 లో దానిని కాంగ్రెసునకు తిరిగి తెచ్చినవారు బాగారెడ్డిగారు. 1991, 1996, 1998 ఎన్నికలలోను వారే గెలిచిరి. శాసనసభకు ఏడుమార్లు, లోకసభకు నాలుగుమార్లు: మొత్తము పదునొకండు విజయములు. 1957 నుండి లెక్కించిన నలువదిరెండేండ్లు. చార్ల్‌స్టన్ మేయరుకన్న రెండేండ్లు ఎక్కువయే. 1999 లో మెదకు స్థానము భారతీయ జనతాపక్షమునకు చెందిన ఆలె నరేంద్రగారికి దక్కినది.

ఇంత దీర్ఘమైన ప్రాతినిధ్యమువలన తాలూకాకు మేలు కలిగినదా యను ప్రశ్నను ఆయన అభిమానులును అడుగవలసినదే. మేలు లేకపోలేదు. రాజధానిలో ఏ తలుపు తట్టవలెనో ఎరిగిన మనిషి సరిహద్దు తాలూకాకు పెద్ద ఆస్తి. ఆయన శాసనసభ్యత్వపు కాలముననే జహీరాబాదులో ఆల్విన్ నిస్సాను మోటారు కర్మాగారము వెలసినది. 1989 లో అది మహీంద్రా సంస్థ చేతికి వచ్చినది. చెరకు, అల్లము పండించు పల్లెల ప్రక్కనే మోటారు బండ్లు తయారగుట చిన్న మార్పు కాదు. అందులో ఎవరి పాలు ఎంతయని తూచుట కష్టము. కర్మాగారములు ఒకరి మాటతో రావు.

కాని మరియొక వైపు కలదు. ముప్పదిరెండేండ్లు ఒకే మనిషి శాసనసభ స్థానములో నున్నచో ఆ ముప్పదిరెండేండ్లు ఇతరులు ఆ విద్య నేర్వరు. 1959 లో పంచాయతీరాజ్యము మొదలైనప్పుడు సర్పంచి, సమితి అధ్యక్షుడు, పురపాలక అధ్యక్షుడు అను మెట్లు ఎక్కి క్రొత్తవారు పైకి వత్తురని పెద్దలు ఆశించిరి. ఆ మెట్లను ఎన్నికలు లేక సర్కారులే పాడుచేసినవి. తప్పు పైమెట్టున నిలిచినవానిది మాత్రమే కాదు. ఐనను ప్రజలు ప్రతి చిన్న పనికి ఆయన గడపకే పోవుటవలన క్రింది మెట్లు మరింత బలహీనపడినవి. మోరీ పొంగినప్పుడు వార్డు సభ్యుని నిలదీయు అలవాటు లేని ఊరిలో వార్డు సభ్యుడు పనిచేయుట ఎందుకు?

నియోజకవర్గముల పునర్విభజన తరువాత, 2009 ఎన్నికలనుండి, జహీరాబాదు శాసనసభ స్థానము షెడ్యూల్డు కులములవారికి ప్రత్యేకింపబడినది. ఆ యేడే జహీరాబాదు పేరుతో క్రొత్త లోకసభ స్థానము ఏర్పడినది. సరిహద్దు తాలూకా పేరు మొదటిసారిగా పార్లమెంటు పట్టికకు ఎక్కినది. జహీరాబాదు పట్టణమున బాగారెడ్డిగారి పేరుగల క్రీడామైదానము కలదు. ఎన్నికల దినములలో రాజకీయ పక్షముల బహిరంగసభలు అచ్చటనే జరుగుచుండును.