స్పానిష్ పరీక్షయు, ఇంటి తెలుగును

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



ఈ యేడు ప్రవేశముల వేళ కొందరు తండ్రులు నాయొద్దకు వచ్చి ఒకే మాట అడిగిరి. “అయ్యవారూ, తమిళము ఎట్లును తప్పదు. ఇంగ్లీషు కావలెను. ఇక తెలుగు మాన్పించి, ఆ వేళలో స్పానిష్ వంటి విదేశభాష చెప్పించిన బెంగుళూరి ఉద్యోగమునకో, అమెరికా చదువునకో అక్కరకు వచ్చును గదా?”

ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 2006 నాటి చట్టము ననుసరించి ఒకటవ తరగతి మొదలు తమిళము విధిగా చదువవలసి వచ్చినది. ఆ తొలి పిల్లలు 2016లో పదవ తరగతి పరీక్షకు చేరిరి. న్యాయస్థానములు 2016లోను, 2023లోను మినహాయింపు లిచ్చినను, హోసూరు, కృష్ణగిరి తెలుగు ఇండ్లలో దిగులు తీరలేదు. బరువు మోయువాడు ఏదో ఒక మూట దింపవలెనని తలచుట సహజమే. అయితే మీరు దింపదలచిన మూటలోనే స్పానిష్‌కు కావలసిన సామగ్రి యున్నది.

ఎట్లన, తెలుగున “మాటలాడుదును” అన్నచో “నేను” అని వేరుగా చెప్ప నక్కరలేదు. క్రియ చివరనే కర్త తెలియును. స్పానిష్‌లోను అంతే: “ఆబ్లో” అనిన నేను మాటలాడుదును, “ఆబ్లాస్” అనిన నీవు మాటలాడుదువు. “నాకు మామిడిపండు ఇష్టము” అని కృష్ణగిరి పిల్లవాడు అనును. స్పానిష్‌వాడు “మే గుస్తా ఎల్ మాంగో” అనును. అక్కడను “నేను” కాదు, “నాకు” అనియే వాక్యము నడచును. ఇంగ్లీషు దారిన వచ్చిన విద్యార్థి ఈ చోటనే తడబడును. మనకు నీవు, మీరు అను భేదమున్నట్లు వారికి తూ, ఉస్తెద్ అను భేదము కలదు. వారి తకారము సైతము మన “తమ్ముడు”లోని తకారమే గాని “టపా”లోని టకారము కాదు. తెలుగు వ్యాకరణము తెలిసి చదివిన పిల్లకు ఇవి యొక పూటలో బోధపడును. తెలుగును వాడుకలో విని వదలినదానికి ఇదే పోలిక చెప్పినను తట్టదు.

ఇక పరీక్ష సంగతి. అమెరికాలో మన బంధువుల పిల్లలు ఉన్నత పాఠశాలలో వ్రాయు అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలలో “స్పానిష్ భాష, సంస్కృతి” అనునది యొకటి. 2014 మే నెలలో అది క్రొత్త రూపమున జరిగినది. ఆ రూపమున వచ్చిన ఉత్తరమునకు పదునైదు నిమిషములలో మర్యాదగా జవాబు వ్రాయవలెను. అందు ఉస్తెద్ తప్పి తూ దొర్లరాదు. ఒక వ్యాసము చదివి, ఒక పట్టిక చూచి, ఒక ధ్వనిముద్రణ విని, మూటిని కలిపి తన వాదము వ్రాయవలెను. సంభాషణలో ఒక్కొక్క మాటకు ఇరువది సెకండ్లలో బదులు చెప్పవలెను. కడపట నాలుగు నిమిషములు ఆలోచించుకొని, రెండు నిమిషములు తన సమాజమును స్పానిష్ మాటలాడు సమాజముతో పోల్చి చెప్పవలెను. గైడు పుస్తకములు అమ్మువారికి ఈ కడపటి ప్రశ్న పెద్ద చిక్కు. దానికి బట్టీ పట్టిన జవాబు పనికిరాదు!

మెక్సికో ప్రజలు నవంబరు 1, 2 తేదీలలో గతించినవారి పండుగ చేయుదురు. బంతిపూలు పరచి, పోయినవారికి ఇష్టమైన వంటకములు పెట్టి, పాటలు పాడుదురు. మనము మహాలయ అమావాస్యనాడు తర్పణము విడుతుము. పితరులను తలచుట రెండింట కలదు. అచ్చట సంబరము, ఇచ్చట నియమము. మన రైతులు పండించు ఆ బంతి సైతము మెక్సికో నేలనుండి వచ్చినదే. రాయకోట సంతకు గంపలలో దిగు టమాటా పేరును అక్కడిదే. ఇట్టి విషయము రెండు నిమిషములు చెప్పగల పిల్లవానికి స్పానిష్ ఎంత వచ్చియుండవలెనో, తన యింటి యాచారము అంత తెలిసియుండవలెను. ఇంట మహాలయము ఏల చేయుదురో ఎరుగని బాలుడు దేనితో దేనిని పోల్చును?

స్పెయిన్ దేశపు సెర్వాంటెస్ సంస్థ నడపు డెలె పరీక్షకును ఇదే న్యాయము. దాని శాఖ ఢిల్లీలో నున్నది. బి2 మెట్టున చదువుట, వ్రాయుట ఒక జట్టు. వినుట, మాటలాడుట ఒక జట్టు. జట్టొకటికి 50 మార్కులు. ప్రతి జట్టునందును 30 రానిదే ఉత్తీర్ణత లేదు. వ్రాతలో ఎంత ఘనుడైనను నోరు మెదపనివాడు తప్పును. దినమునకు అరగంట వినుట, కొంత చదువుట, చదివినదానిని తన మాటలలో చెప్పుట అను అలవాటు ఏండ్లకొలది సాగవలెను. కడపటి నెల రాత్రింబవళ్ళు కూర్చున్న లాభము స్వల్పము.

స్పానిష్ వలదని నేను చెప్పుట లేదు. ఇరువది దేశములలో అధికారభాషయైన దానిని నేర్చిన పిల్లకు మేలే. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున దానిని పట్టభద్ర తరగతులలో బోధించుచున్నారు. పది ముగించిన పిదప అటు పంపుడు. పదివరకు మాత్రము తెలుగు మాన్పింపవలదని ప్రార్థించుచున్నాను.

వచ్చు జూను నుండి శనివారము కడపటి పీరియడులో తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఒక్కొక్కరు రెండేసి నిమిషములు తెలుగున మాటలాడుదురు. మొదటి విషయము: మా యింటి మహాలయము, పొరుగింటి తమిళుల ఆచారము. ముందటి వారమే అవ్వలను, తాతలను అడిగి తెలిసికొని రావలెను. తల్లిదండ్రులు వెనుక బల్లలపై కూర్చుండి వినవచ్చును. గడియారము నేను పట్టుకొందును.