పెరటి వంటింటికి కరెంటు



సంక్రాంతికి అరిసెలు వండాలన్నా, వేసవిలో ఆవకాయ కలపాలన్నా, ఇంట్లో శుభకార్యమై పాతికమందికి వండి వడ్డించాలన్నా మనకి లోపలి వంటిల్లు చాలదు. పెరట్లో నాలుగు రేకులు వేయించుకుని, ఓ గట్టు కట్టించుకుని, గ్రైండరూ మిక్సీ అక్కడికి చేర్చేస్తాం. నూనె పొగ లోపలికి రాదు, కడుక్కోవడానికి కుళాయి పక్కనే ఉంటుంది. ఆ హాయి మీకు నేను చెప్పక్కర్లేదు. కాని ఆ పాకలోకి కరెంటు ఏ దారిన వచ్చిందో ఎప్పుడైనా గమనించారా? ఇవాళ దాని గురించే మీతో నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను.

మా ఇంట్లో ఎలా వచ్చిందో ముందు చెబుతాను. పడకగది కిటికీ ఊచల్లోంచి రెండు తీగల వైరు బయటికి లాగి, బట్టలారేసుకునే ఇనప తీగకి అక్కడక్కడా చుట్టి, పాక గుంజకి ఓ చెక్క బోర్డు బిగించి వెళ్ళిపోయాడు పని చేసినతను. లైటు వెలిగింది, గ్రైండరు తిరిగింది. ఇంకేం కావాలి మనకి? కొన్నాళ్ళకి గ్రైండరు మీద చెయ్యి వేస్తే జుమ్ముమనడం మొదలుపెట్టింది. మా అత్తగారు, "పీట మీద నిలబడి రుబ్బవే అమ్మాయ్, ఏం కాదు" అన్నారు. నిజమే, చెక్కపీట ఎక్కితే జుమ్ము తెలిసేది కాదు. అలా నాలుగు నెలలు పీట మీదే రుబ్బాను.

ఒకరోజు గ్రైండరు తిరుగుతుండగా ఫోన్ మోగితే లోపలికి వెళ్ళాను. మా పనమ్మాయి గచ్చు కడుగుతోంది. తడి కాళ్ళతో, తడి చేత్తో గ్రైండరుని కాస్త పక్కకి జరపబోయింది. "అమ్మగా..." అన్న కేక సగంలో ఆగిపోయింది. వచ్చి చూద్దును కదా, చెయ్యి దానికి అతుక్కుపోయి ఉంది. ఆ క్షణంలో నాకెలా తోచిందో గాని, ఆ అమ్మాయిని పట్టుకోకుండా వెనక్కి పరిగెత్తి మెయిన్ ఆపేశాను. పట్టుకుని ఉంటే ఇద్దరం పోయేవాళ్ళం. దేవుడి దయవల్ల బతికింది. అరచెయ్యి కాలింది. ఆస్పత్రిలో కట్టు కట్టించుకుంటూ, "మీకెప్పుడూ కొట్టలేదా అమ్మగారూ?" అని అడిగింది. నా పీట సంగతి ఏమని చెప్పను?

తరవాత వేరే ఎలక్ట్రీషియన్ వచ్చి బోర్డు విప్పాడు. ప్లగ్గు పెట్టే చోట మూడు రంధ్రాలున్నాయి గాని, మూడోదాని వెనక తీగే లేదు.

ఆ మూడోదే ఎర్తు. ప్లగ్గులో లావుగా పొడుగ్గా ఉండే పిన్ను అదే. అందరికంటే ముందు లోపలికి వెళ్ళి, అందరికంటే చివర బయటికి రావాలనే దాన్ని పొడుగ్గా చేశారు. పెరట్లో చెమ్మ చేరో, పిండి నీళ్ళు కారో మోటారులోంచి కరెంటు పైనున్న ఇనుముకి దిగుతుంది. ఎర్తు తీగ ఉంటే ఆ దారిన భూమిలోకి పోతుంది. లేకపోతే ముట్టుకున్నవాళ్ళ ఒంట్లోంచి పోతుంది. తడి కాళ్ళూ తడి నేలా దానికి రాచబాట.

ఇంకో దొంగపని కూడా ఉంది, వినండి. ఎర్తు గొయ్యి ఖర్చెందుకని ఆ మూడో రంధ్రాన్ని చిన్న ముక్క తీగతో న్యూట్రల్‌కి కలిపేస్తారు కొందరు. బల్బు పెట్టి చూస్తే ఎర్తు ఉన్నట్టే వెలుగుతుంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందో, గ్రైండరు ఒళ్ళంతా 230 వోల్టులూ వచ్చి కూర్చుంటాయి. అందుకని బోర్డు విప్పించి, పచ్చ తీగ విడిగా ఎర్తు గొయ్యి దాకా వెళ్ళిందో లేదో మీ కళ్ళతో చూడండి. బొగ్గూ ఉప్పూ వేసిన గొయ్యి అయితే ఎండాకాలం అందులో బిందెడు నీళ్ళు పొయ్యడం మరిచిపోకండి.

"మా ఇంట్లో ఎమ్.సి.బి. ఉందిగా, షాక్ కొడితే అదే పడిపోతుంది" అంటారు చాలామంది. నేనూ అలాగే అనుకున్నాను. అది తీగల్ని కాపాడుతుంది గాని మనుషుల్ని కాదు. 6 ఆంపియర్ల ఎమ్.సి.బి. 6 ఆంపియర్లు దాటితే గాని కదలదు. అంటే 6000 మిల్లీ ఆంపియర్లు. మనిషి చెయ్యి విడిపించుకోలేక పోవడానికి పదీ పదిహేనూ చాలు. మనుషుల్ని కాపాడేది ఆర్.సి.సి.బి. వెళ్ళిన కరెంటంతా తిరిగొచ్చిందా లేదా అని అది లెక్క చూసుకుంటుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేసరికి రెప్పపాటులో మొత్తం ఆపేస్తుంది. ఇళ్ళకి ఆ 30 రకమే అడగండి. 100, 300 రకాలు కూడా అమ్ముతారు, అవి మనకి పనికిరావు. ఇది ఉన్నా ఎమ్.సి.బి. ఉండాల్సిందే, ఎర్తూ ఉండాల్సిందే.

పెట్టించాక ఊరికే పడిపోతోందని విసుక్కుని, "తీసేసి డైరెక్టుగా ఇచ్చేస్తానండీ" అంటాడు వచ్చినతను. ఒప్పుకోకండి. అది పడిపోతోందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ప్లగ్గులన్నీ తీసేసి ఒక్కొక్కటే పెట్టి చూడండి, దొంగ దొరుకుతుంది. మా ఇంట్లో దొరికిన దొంగ పాత ఇస్త్రీపెట్టె. అన్నీ తీసేసినా పడిపోతుంటే తీగల్లోనే ఉంది తప్పు, అది వాళ్ళు వెతకాల్సిందే.

ఇక తీగ సంగతి. పాకకి వేరే లైను మెయిన్ బోర్డు నుంచే రావాలి, కిటికీలోంచి కాదు. ఇండక్షన్ స్టవ్ 2000 వాట్లదైతే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. లైటు కోసం వేసిన సన్న తీగ ఆ వేడికి కాలిపోతుంది. 2.5 గాని, దూరమైతే 4 గాని చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, 16 ఆంపియర్ల ప్లగ్గు పాయింటు పెట్టించండి. తీగ పైపులోంచే రావాలి. రేకు అంచుకి రాసుకుంటే తీగ తొడుగు కోసుకుపోయి పాక మొత్తానికి కరెంటు పాకుతుంది. ఇనప గుంజలకి కూడా ఎర్తు కలపమనండి. బట్టల తీగ జోలికి మాత్రం అసలు వెళ్ళనివ్వకండి. తడి చీర ఆరేస్తూ పోయినవాళ్ళ గురించి వానాకాలంలో పేపర్లో చదువుతూనే ఉన్నాం.

బోర్డు కుళాయికి దూరంగా, జల్లు పడని గోడకి, మూత ఉన్న రకం పెట్టించండి. నేలకి దగ్గరగా వద్దు. గ్యాసు గాలికంటే బరువు, కారితే నేల మీదే పరుచుకుంటుంది, స్విచ్చి దగ్గర చిన్న నిప్పురవ్వ చాలు.

అద్దెవాటాల్లో ఉండేవాళ్ళు, "ఇంటివాళ్ళు ఒప్పుకోరండీ" అంటారు. ఎర్తు గొయ్యి వాళ్ళ చేతిలోది, నిజమే. గట్టిగా అడగాల్సిందే. ఈలోగా, వాళ్ళతో చెప్పి, ఎలక్ట్రీషియన్ చేత మీ వాటా బోర్డులో ఆర్.సి.సి.బి. పెట్టించుకోవచ్చు. ఇల్లు మారినప్పుడు విప్పించి పట్టుకెళ్ళచ్చు. అది వచ్చేదాకా గ్రైండరు పెరట్లో పెట్టకండి. జుమ్మన్న వస్తువు ఏదైనా ఆ రోజే ప్లగ్గు తీసి పక్కన పెట్టండి.

ఆర్.సి.సి.బి. మీద టి అని రాసిన చిన్న బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కితే టక్కున కరెంటు పోవాలి. పోలేదంటే అది పనిచెయ్యట్లేదు, మార్పించాలి. నేను ఒకటో తారీఖున నొక్కుతాను. ఎక్కడుందో మా పనమ్మాయికీ చూపించాను. ఒక్కోనెల నేను మరిచిపోతే, "ఇవాళ ఒకటో తారీఖు అమ్మగారూ" అని ఆ అమ్మాయే గుర్తు చేస్తుంది.