మేలట్టూరు వెంకటరామశాస్త్రి – భాగవతమేళ నాటకాలు



మన రాజపాళయంలో ఒక విశేషం ఉంది. చాలా ఇళ్లలో మాట తెలుగు, రాత తమిళం. పెళ్లి మాటలు తెలుగులో జరుగుతాయి, పెళ్లి పత్రిక తమిళంలో అచ్చవుతుంది. విజయనగర కాలంలో దక్షిణాదికి వచ్చి, ఈ పడమటి కనుమల పాదాల దగ్గర స్థిరపడిన రాజుల కుటుంబాలు ఇన్ని వందల ఏళ్లుగా తెలుగు మాట్లాడుతూనే ఉన్నాయి. కాని మనలో చాలామందికి తెలుగు అక్షరం రాదు. "మాట్లాడతాం గాని చదవలేం" అని చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. చదువుకూ ఉద్యోగానికీ అక్కరకు రాని భాష ఇంకా ఎన్ని తరాలు నిలుస్తుంది? ఈ ప్రశ్న మీలో ఎందరికో తట్టే ఉంటుంది.

దీనికి కొంత జవాబు తంజావూరు దగ్గర ఒక పల్లెటూళ్లో దొరుకుతుంది. ఆ ఊరి పేరు మేలట్టూరు. రంగస్థలానికి మాటలు రాసి, వాటికి పాటలు కట్టిన ఒక తెలుగు వాగ్గేయకారుడు అక్కడ ఉండేవారు. ఆయనే మేలట్టూరు వెంకటరామశాస్త్రి. ఈనాటి ప్రసంగం ఆయన గురించే.

మేలట్టూరు తంజావూరుకు సుమారు 18 కిలోమీటర్ల దూరంలో ఉంది. పదహారో శతాబ్దం చివరి భాగంలో తంజావూరును ఏలిన అచ్యుతప్ప నాయకుడు ఈ ప్రాంతంలో 510 బ్రాహ్మణ కుటుంబాలకు ఇళ్లూ భూములూ దానమిచ్చాడని చెబుతారు. ఆయన పేరు మీదనే ఊరికి అచ్యుతాబ్ధి అనే పేరు వచ్చింది. నాయక రాజుల కాలంలో తంజావూరు తెలుగు యక్షగానానికి పుట్టిల్లుగా ఉండేది. రఘునాథ నాయకుడూ, ఆయన కుమారుడు విజయరాఘవ నాయకుడూ స్వయంగా కవులు. 1673లో నాయకుల పాలన ముగిసింది. ఆ తరువాత మరాఠా రాజులు వచ్చారు. రాజుల ఇంటి భాష మరాఠీ, ప్రజల భాష తమిళం. అయినా రంగస్థలం మీద తెలుగు చెక్కు చెదరలేదు. 1684 నుంచి పాలించిన శాహజీ మహారాజు తానే తెలుగులో యక్షగానాలు రచించాడు. అంటే అప్పట్లో తెలుగు ఒక కులానిదో, ఒక ప్రాంతానిదో కాదు. అది పాటకూ ఆటకూ అందరూ ఒప్పుకున్న భాష.

ఆ వాతావరణంలో, పద్దెనిమిదో శతాబ్ది ద్వితీయార్ధంలో, వెంకటరామశాస్త్రి పెరిగారు. తండ్రి గోపాలకృష్ణశాస్త్రి. కృష్ణలీలా తరంగిణి రచించిన నారాయణతీర్థులకు ఆయన శిష్యుడని ఆ ఊరి సంప్రదాయం చెబుతుంది. తరంగిణిలో పాటా, పద్యమూ, గద్యమూ కలిసి కథను నడిపిస్తాయి. ఆ పద్ధతిని శాస్త్రిగారు రంగస్థలం మీదికి తెచ్చారు. ప్రహ్లాద చరిత్రము, ఉషా పరిణయము, రుక్మాంగద చరిత్రము, మార్కండేయ చరిత్రము, హరిశ్చంద్ర నాటకము, రుక్మిణీ కల్యాణము, కంసవధ ఇలా పది పన్నెండు నాటకాలు ఆయన పేరు మీద ఉన్నాయి. హుసేనీ రాగంలోని ప్రసిద్ధమైన స్వరజతితో కూడా ఆయన పేరు ముడిపడి ఉంది.

నాటకానికి పాట కట్టడం, కచేరీకి కీర్తన కట్టడం ఒకటి కావు. కీర్తనలో పాడేవాడి మనసు తెలిస్తే చాలు. నాటకంలోని పాటకు ఎన్నో పనులుంటాయి. పాత్ర తెర వెనుక నుంచి రాగానే ప్రవేశ దరువు మొదలవుతుంది. వచ్చినది ఎవరు, ఎలా ఉన్నారు, ఎందుకు వచ్చారు అన్నదంతా ఆ దరువే చెప్పాలి. నటుడు దానికి అడుగులు వేయాలి, అభినయం పట్టాలి. ఆ తరువాత ఇద్దరు మాట్లాడుకుంటే సంవాద దరువు. కథ త్వరగా సాగాలంటే ద్విపద. సన్నివేశానికీ సన్నివేశానికీ నడుమ సంధివచనం. వీరానికి అఠాణ, దుఃఖానికి ఆహిరి అన్నట్లు ఏ రాగం ఏ రసాన్ని పలికిస్తుందో తెలిసి వాడాలి. పైగా పాడేవాళ్లూ ఆడేవాళ్లూ జీతానికి వచ్చిన కళాకారులు కారు. పొలాలూ పనులూ చూసుకునే ఊరివాళ్లు. వాళ్లకు నోరు తిరగాలి, చూసేవాళ్లకు భావం అందాలి. శాస్త్రిగారి ప్రతిభ ఇక్కడే ఉంది. ఆయన పండితుల కోసమూ రాశారు, పల్లె కోసమూ రాశారు.

ఏటా నరసింహ జయంతికి, అంటే సాధారణంగా మే నెలలో, ఈ నాటకోత్సవం జరుగుతుంది. వరదరాజ పెరుమాళ్ కోవెల వీధిలో పందిరి వేస్తారు. ఉత్సవమూర్తిని వేదికకు ఎదురుగా వేంచేపు చేస్తారు. అంటే మొదటి ప్రేక్షకుడు దేవుడే. మనమంతా ఆయన పక్కన కూర్చున్నవాళ్లం. రాత్రి పొద్దుపోయాక ముందుగా కోణంగి గంతులేస్తూ వచ్చి జనాన్ని నవ్విస్తాడు. తరువాత గణపతి ముఖం కట్టుకున్న చిన్న పిల్లవాడు వచ్చి నర్తిస్తాడు. అప్పుడు ప్రహ్లాద చరిత్రం మొదలవుతుంది.

స్త్రీ పాత్రలన్నీ మగవాళ్లే వేస్తారు. హిరణ్యకశిపుడు గర్వంతో ప్రవేశిస్తాడు. ప్రహ్లాదుడి తల్లి లీలావతి వస్తుంది. కొడుకును వదులుకోలేదు, భర్త మాట కాదనలేదు. ఆ తల్లి పాడే పాటల దగ్గర, భాష పూర్తిగా తెలియని ముసలమ్మలు కూడా కొంగుతో కళ్లు ఒత్తుకుంటారు. మధ్యలో పాములవాడూ, మల్లులూ వచ్చి కాస్త తేలిక పరుస్తారు. తెల్లవారబోతుండగా నరసింహుడు వెలువడతాడు. ఆ ముఖం వట్టి బొమ్మ కాదు, కోవెలలో పూజలందుకునేది. దాన్ని ధరించే వ్యక్తి ఆ రోజు ఉపవాసం ఉంటాడు. ఆవేశం వస్తే పట్టుకోవడానికి ఇరుపక్కలా మనుషులు నిలబడతారు. హిరణ్యకశిపుణ్ణి చంపినట్టు వేదిక మీద చూపించరు. స్వామి రాకతోనే కథ ముగుస్తుంది. తెల్లవారేసరికి ఊరంతా మేలుకునే ఉంటుంది.

ఇంతటి రచయిత పేరు మనలో ఎందరికి తెలుసు? అక్కడికి దగ్గరలోనే తిరువయ్యారులో ఉన్న త్యాగరాజస్వామి పేరు తెలియని ఇల్లు లేదు. శాస్త్రిగారు ఆయన కంటే వయసులో పెద్ద. త్యాగరాజస్వామి కూడా ప్రహ్లాద భక్తి విజయం, నౌకా చరిత్రం అనే రెండు సంగీత నాటకాలు రచించారు. కాని ఆయన కీర్తి దేశమంతా వ్యాపించింది విడి కీర్తనల వల్ల. కీర్తనను ఒక్క గొంతు మోసుకుపోగలదు. నాటకాన్ని మోయాలంటే ఒక ఊరు కావాలి. అందుకే శాస్త్రిగారి రచన ఊరు దాటి ఎక్కువ దూరం పోలేదు. కాని ఆ ఊళ్లో మాత్రం లోతుగా వేళ్లూనింది.

అలాగని అది ఎప్పుడూ సాఫీగా సాగలేదు. ఒకప్పుడు సాలియమంగళం, ఊత్తుకాడు, శూలమంగళం, నల్లూరు, తేపెరుమానల్లూరు గ్రామాల్లో కూడా భాగవతమేళాలు ఉండేవి. వాటిలో కొన్నిచోట్ల ఆట ఆగిపోయింది. మేలట్టూరులో కూడా ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో భారతం నటేశ అయ్యర్ దీన్ని ప్రాణంగా చూసుకున్నారు. ఆయన తరువాత కొంతకాలం దీపం కొండెక్కినట్లే అయింది. 1930ల చివర గణేశ అయ్యర్, బాలు భాగవతార్ వంటి ఊరి పెద్దలు మళ్లీ వెలిగించారు. 1950లలో ఇ. కృష్ణయ్యర్ బయటి ప్రపంచానికి దీని విలువ చాటారు. కళాక్షేత్రంలో రుక్మిణీదేవి అరండేల్, బాలు భాగవతార్ సహాయంతో ఉషా పరిణయం వంటి నాటకాలను ప్రదర్శింపజేశారు.

ఇక్కడ మనం గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. నేడు ఆ నాటకాలు ఆడేవారిలో చాలామంది ఇంటి భాష తమిళం. చూసేవారి భాషా తమిళమే. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరం. ఆ లిపిలో రాసుకున్న కాగితం ఒక్కటే చేతిలో ఉంటే తెలుగు సరిగా పలకదు. పెద్దల నోటి నుంచి వినాలి, పక్కన కూర్చుని దిద్దించుకోవాలి. ఉద్యోగాల కోసం చెన్నైలోనో మరెక్కడో ఉన్నవాళ్లు ఉత్సవానికి సొంత ఊరికి వస్తారు. తాత వేసిన వేషం తండ్రికి, తండ్రి వేసిన వేషం కొడుక్కి వస్తుంది. ఇంట్లో తెలుగు మాట్లాడనివాళ్లు రెండు వందల ఏళ్ల నాటి తెలుగును నిలబెట్టారు. ఇంట్లో తెలుగు మాట్లాడే మనం అదే కాలం నాటి తెలుగు పద్యం ఒక్కటైనా అప్పగించగలమా?

ఇది నిందగా అనడం లేదు. నన్ను నేను కూడా అడుగుకుంటున్న మాట ఇది. మేలట్టూరు వాళ్లు భాషను కాపాడాలని బయలుదేరినవాళ్లు కారు. స్వామికి ఏటా చేయవలసిన సేవ ఒకటుంది, ఆ సేవకు తెలుగు కావాలి, అంతే. భాషకు ఒక పని అప్పగించారు. పని ఉన్న భాష బతికింది. వెంకటరామశాస్త్రి వాళ్లకు ఇచ్చిన అసలు ఆస్తి ఆ పనే.

మన ఊరికి చెందిన పి.ఎస్. కుమారస్వామి రాజా గారు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా పనిచేసినవారు. ఆయన తన సొంత ఇంటినే కళల కోసం ఇచ్చివేశారు. అదే గాంధీ కళామండ్రం. వేదికకు మనకు కొదవ లేదు. ఏడాదికి ఒక్క రాత్రి, ఒక చిన్న తెలుగు నాటకం, మన పిల్లల చేత ఆడించలేమా? దానికోసం నాలుగు నెలలు సాధన చేస్తే చాలు. పిల్లలు పాటలు నేర్చుకుంటారు, పాట కోసం అక్షరం అడుగుతారు. అమ్మమ్మలూ తాతయ్యలూ ఉచ్చారణ దిద్దుతారు. బడి పుస్తకం చేయలేని పని నాటకం చేస్తుంది.

అంతవరకు, వచ్చే నరసింహ జయంతికి వీలు చూసుకుని ఒక్కసారి మేలట్టూరు వెళ్లి రండి. మదురై మీదుగా తంజావూరు, అక్కడి నుంచి గంటలోపు ప్రయాణం. రాత్రంతా కూర్చోవాలి, పిల్లలకు దుప్పటి తీసుకువెళ్లండి. తెల్లవారుజామున, తమిళ పల్లె నడివీధిలో, మీ ఇంటి భాష మీకే కొత్తగా వినిపిస్తుంది.